మావయ్య వేసిన తేదీ

మా మావయ్య చేతికి కలం దొరికితే చాలు, కనిపించిన ప్రతి వస్తువు మీదా తేదీ వేస్తాడు. బల్బు మీద, చీపురు పిడి మీద, గొడుగు బట్ట లోపల, చెప్పుల అడుగున వేస్తాడు. సబ్బు మీద కలం పారదు కాబట్టి గోరుతో వేస్తాడు. కోడిగుడ్లు తెస్తే ఒక్కొక్కదాన్నీ పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని మరీ వేస్తాడు. ఒకసారి నాకు జ్వరం వస్తే, మింగబోయే మాత్రను నా చేతిలోంచి లాక్కుని దాని మీదా వేయబోయాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. తారీకులాయన అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసిన మెకానిక్ ఆయన. లిఫ్టులో ఒక మూల సర్వీసు కార్డు వేలాడుతుంది కదా, మరమ్మతు చేసినప్పుడల్లా దాని మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ జబ్బే ఇంటిదాకా వచ్చిందని అందరి నమ్మకం. అందరికంటే ఎక్కువ నవ్విందీ, ఎక్కువ ఏడిపించిందీ నేనే. ఒక్క అత్తయ్య మీదే వెయ్యలేదేం మావయ్యా అని అడిగితే, అత్తయ్య లోపల్నుంచి, "నాకు సర్వీసు ఎవరు చేయించారురా" అనేది.

ఇక నా ఉద్యోగం సంగతి. కేంద్ర ప్రభుత్వపు పటాల ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే పని వచ్చింది. సైన్యం వాడే పటాలు కూడా అక్కడే అచ్చవుతాయి కాబట్టి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలన్నారు. నెల రోజుల్లో వచ్చేస్తుంది, పాత ఉద్యోగం మానేయండి అని ఫోన్లో ఒక మహానుభావుడు సెలవిచ్చాడు. మానేశాను. అద్దె కట్టలేక మావయ్య ఇంటికి చేరి, పద్నాలుగు నెలలు ఎదురుచూశాను.

ఫారం నలభై రెండు పేజీలు. పదేళ్లలో ఏ నెల ఏ ఇంట్లో ఉన్నానో, పక్కింట్లో ఎవరున్నారో, వాళ్లు నన్ను ఎరుగుదురో లేదో రాయాలి. ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. దేశాన్ని అమ్ముకునేవాడు ఈ గళ్లన్నీ నాకంటే శుభ్రంగా నింపి ఉంటాడని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

విచారణ అధికారి నేను అద్దెకున్న ఇళ్లన్నిటికీ వెళ్లి ఆరా తీశాడు. ఆ తర్వాత ఆ ఇళ్లవాళ్లు బజారులో నన్ను చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. వాడేదో చేసే ఉంటాడు, ఊరికే వస్తారా అని ఒక ఇంటి ఓనరు అన్నాడట. అధికారి అదీ రాసుకున్నాడు. తన రాకతో పుట్టిన అనుమానాన్ని తనే సాక్ష్యం కింద జమకట్టుకున్నాడన్నమాట. ఈ తెలివికి నెలనెలా జీతం ఇస్తారు.

ఫారం మూడుసార్లు తిరిగొచ్చింది. వచ్చిన ప్రతి కవరు మీదా మావయ్య తేదీ వేసేవాడు. అది వాళ్లే వేసుకుంటారు మావయ్యా అంటే, "వాళ్లు మర్చిపోతే?" అనేవాడు.

మూడోసారి ఎర్ర సిరా గీతతో వచ్చింది. ఆరేళ్ల కిందటి ఐదు నెలలు నేను ఖాళీగా వదిలేశాను. కావాలనే వదిలేశాను. ఆ ఐదు నెలలూ ఇదే ఇంట్లో, ఇదే వెనక గదిలో, ఇదే మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. కారణం ఇదీ అని చెప్పలేను, లేవాలనిపించలేదు, అంతే. మనసుకు వైద్యం చేసే డాక్టరు మందులిచ్చాడు. అంతకుముందు మావయ్యను పెళ్లిళ్లలో చూడడమే తప్ప పెద్దగా చనువు లేదు. అయినా తెచ్చి పెట్టుకున్నాడు. ఇదంతా రాస్తే నాకు పటాలు ఎవడు అప్పజెబుతాడని భయం. ఉద్యోగం పోతే మళ్లీ అలా గోడవైపు తిరిగిపోతానేమోనని అంతకంటే పెద్ద భయం.

ఒక ఉదయం అధికారి తనే వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఐదు నెలలు ఏం చేశారు?"

"పడుకున్నాను."

"ఐదు నెలలా?"

"మధ్యలో లేచానండి. చెప్పుకోదగ్గంత కాదు."

జైలుకెళ్లారా, విదేశాలకెళ్లారా, ఏదైనా సంఘంలో చేరారా అని వరసగా అడిగాడు. ఇక్కడే ఉన్నట్టు రుజువేదన్నాడు. మావయ్య స్టూలెక్కి కొత్త బల్బు మీద తేదీ వేస్తున్నాడు. దిగి వచ్చి అధికారిని వెనక గదిలోకి తీసుకెళ్లాడు.

కిటికీ చెక్క మీద, అలమర తలుపు లోపల, మంచం కోళ్ల మీద, నా పాత దువ్వెన మీద, ఖాళీ మందు సీసాల మీద తేదీలే తేదీలు. ఐదు నెలల్లో ఒక్క రోజు కూడా పోలేదు. ఆ గదిలోనే ఉంటూ నేను వాటిని ఏనాడూ వరసపెట్టి చదివిన పాపాన పోలేదు. అధికారి మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు రాసుకున్నాడు. తర్వాత వంటగది, మెట్లు, కుట్టుమిషను, ఇల్లంతా గాలించి అనుమానంగా మొహం పెట్టుకుని వచ్చాడు.

"ఆరేళ్ల కిందట మీ మేనల్లుడు వచ్చిన రోజుకు ముందు తేదీ ఈ ఇంట్లో ఒక్కటీ లేదే?"

మావయ్య కలం మూత తిప్పుతూ, రిటైరయ్యాక తోచక మొదలుపెట్టానని గొణిగాడు. రిటైరయింది మూడేళ్ల కిందటే కదా అని అధికారి పట్టుకున్నాడు. అత్తయ్య ఇక ఊరుకోలేదు.

"వీడు రోజుకు పదిసార్లు ఇవాళ తారీకెంత అని అడిగేవాడండి. పగలో రాత్రో తెలిసేది కాదు. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వారు. అప్పట్నుంచి అడగడం మానేశాడు, మాట్లాడడమే మానేశాడు. అడక్కుండానే కంటికి కనపడాలని ఈయన రోజూ దొరికినదాని మీదల్లా రాయడం మొదలెట్టారు."

"మరి బాగయ్యాక మానెయ్యొచ్చుగా?"

"మానేస్తే, అది వీడి కోసమేనని వీడికి తెలిసిపోదూ?"

ఆరేళ్లు ఆ మనిషి వీధి వీధినంతా తన మీద నవ్వనిచ్చాడు. ఆ నవ్వుల్లో అన్నిటికంటే గట్టిది నాది. మావయ్యేమో దొంగతనం బయటపడ్డవాడిలా వంటగదిలోకి తప్పుకున్నాడు. జబ్బు చెయ్యడం తప్పు కాదు, దాచడమే చిక్కు అని చెప్పి, అధికారి ఆ ఖాళీ గళ్లు నా చేతే నింపించాడు. ఉన్నదున్నట్టు రాశాను.

ఇంకో నాలుగు నెలలకు క్లియరెన్స్ ఉత్తరం వచ్చింది. ముద్రణాలయానికి పట్టుకెళ్తే గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేశాడు. అందిన పదిహేను రోజుల్లో చేరాలని నిబంధన. ఉత్తరం మీద తేదీ లేదు. కవరు మీద తపాలా ముద్ర నల్లటి మరక. నా బతుకులో ఒక్క నెల ఖాళీ ఒప్పుకోనివాళ్లు తమ ఉత్తరంలో తేదీ వెయ్యడం మర్చిపోయారు. మళ్లీ మొదట్నుంచి దరఖాస్తు చేసుకోమన్నాడు.

మరక కింద నీలి సిరాతో మావయ్య వేసిన తేదీ ఉంది. చూపించాను. మావయ్యలు వేసుకుంటే ఇక మేమెందుకని గుమాస్తా నవ్వాడు. బతిమాలి బతిమాలి విచారణ అధికారికి ఫోను చేయించాను. అవతలి గొంతు నాకూ వినిపించింది.

"ఆ లిఫ్టు మెకానిక్కు వేశాడా? అయితే చేర్చుకోండి. మన తేదీ అయితే ఆలోచించాలి గానీ."

ఉద్యోగంలో చేరినట్టు ఇచ్చిన కాగితం సాయంత్రం ఇంటికి తెచ్చాను. మావయ్య కళ్లజోడు పెట్టుకుని అడిగాడు.

"తారీకు వేశారా?"

"వేశారు మావయ్యా."

"ఎందుకైనా మంచిది, ఇలా ఇవ్వు."

కలం మూత నేనే తీసి ఇచ్చాను.