వెనక్కి లాక్కున్న కాలు

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాణ్ణి ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. అడ్డుపడినవాణ్ణి దెబ్బ తిన్నవాడు తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోరు. నేను అడ్డుపడే రకం. బందరు జట్టులో నాలుగేళ్ళు స్టాపర్ బ్యాక్‌గా ఆడాను. అంటే మన గోల్‌కీపర్ ముందు నిలబడి, బంతి తీసుకుని వచ్చినవాణ్ణి వచ్చినట్టే పడగొట్టే పని. ఆ పని బాగా చేస్తానని నాకు పేరుండేది. జనం ఒక ముద్దుపేరు కూడా పెట్టారు గానీ అది ఇక్కడ రాయదగ్గది కాదు.

మాది బందరుకు దగ్గర్లో సముద్రం ఒడ్డున ఒక పల్లె. మా నాన్న చేపల వేటకు వెళ్ళేవాడు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక బయటపడేది. మళ్ళీ నీళ్ళు పైకి వచ్చేలోగా ఆ కాసేపూ అదే మా మైదానం. రెండు వైపులా తెడ్లు పాతి, ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళం. నేను అడ్డుపడటం నేర్చుకున్నది అక్కడే. బంతితో పరిగెత్తుకొచ్చేవాడికి ఎదురెళ్ళి, పక్కకు వాలి, ఇసుక మీద జారుతూ రెండు కాళ్ళూ ముందుకు తోసేవాణ్ణి. బంతి ఒకవైపు, మనిషి ఇంకోవైపు ఎగిరిపోయేవారు. పడ్డవాడు లేచి, నోటినిండా ఇసుక ఉమ్మి, నన్నో బూతు తిట్టి నవ్వేవాడు. అంతటితో సరి. తడి ఇసుక మెత్తగా ఉంటుంది. ఎంత గట్టిగా కొట్టినా కాలు దానిలోకి దిగిపోతుంది, ఎముక మీదికి రాదు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. మావాళ్ళ ఎముకలు గట్టివనుకునేవాణ్ణి.

బందరు జట్టును నడిపేది సైకిల్ షాపున్న ఒక సాయిబు గారు. అందరూ ఆయన్ను మాస్టారనే పిలిచేవారు. ఒకసారి చేపలు కొనడానికి మా ఊరొచ్చి నా ఆట చూశారు. మరుసటి వారమే నాకు బూట్లు తొడిగించి టౌన్ జట్టులో నిలబెట్టారు. ఆయన నాకు నేర్పింది ఒకే ఒక్క మాట. "నువ్వు ఆలోచించకురా నాన్నా. అది నేను చూసుకుంటా. నువ్వు కాలు వెయ్యి, చాలు."

నేను వేశాను. మూడేళ్ళు వేస్తూనే ఉన్నాను. పామర్రులో ఒకడి భుజం జారింది. ఇంకోచోట ఒకడి పళ్ళు రెండు కదిలాయి. వాళ్ళు నన్ను తిట్టుకున్నా, వాళ్ళ కోచ్‌లు మాత్రం నన్ను తమ జట్టుకు అడిగేవారు. ఆ రోజుల్లో నా బుర్రంతా ఒక్క విషయం మీదే ఉండేది. రాష్ట్ర జట్టుకు ఆడాలి. ఆ సర్టిఫికెట్ చేతికొస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి దొరుకుతుంది. వేటకెళ్ళిన మా పెదనాన్న తిరిగి రాలేదు. మా ఇంట్లో ఒక్క మగాడైనా పడవ ఎక్కకుండా బతకాలని మా అమ్మ పట్టు. ఆ ఒక్కణ్ణి నేనని ఇంట్లో అందరూ అనేసుకున్నారు. నాకు పందొమ్మిది నిండేసరికి రాష్ట్ర ఎంపికకు రమ్మని పిలుపు వచ్చింది.

ఎంపికకు ఇంకా నెలన్నర ఉందనగా గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో టోర్నమెంటు పెట్టారు. మైదానం అంటే మినుము పీకేసిన చేను. వరి కోశాక మినుము చల్లుతారు. అదీ తీశాక, కాలవకు నీళ్ళొదిలేదాకా ఆ చేలు ఖాళీగా ఉంటాయి. ఎండకు రేగడి నేల బిగుసుకుపోయి బీటలు తీస్తుంది. కమిటీవాళ్ళు పెద్ద బీటల్ని మట్టితో పూడ్చి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీశారు. చిన్న బీటల జోలికి ఎవరూ పోలేదు. పచ్చిక మైదానాల్లో ఆడేవాళ్ళెవరైనా చూస్తే నవ్వుతారేమో గానీ, మాకు అలాంటి చేలే స్టేడియాలు.

గుడివాడ జట్టులో ఎడమవైపు ఆడే ఫార్వర్డ్ ఒకతను ఉన్నాడు. నా ఈడువాడే, సన్నగా ఉండేవాడు. బంతి అతని కాలికి అంటుకున్నట్టే ఉండేది. అతనికీ రాష్ట్ర ఎంపికకు పిలుపు వచ్చింది. ఆట మొదలవక ముందు నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు.

"బందరు బావా, విజయవాడలో ఇద్దరం ఒకే రూమ్ తీసుకుందాం. ఇవాళ మాత్రం కాస్త చూసి కొట్టు" అన్నాడు.

"బంతి నాకిచ్చేసెయ్, నిన్నెవరు కొడతారు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

సెకండ్ హాఫ్‌లో మేం ఒక గోల్ ముందున్నాం. అతను మావాళ్ళిద్దర్ని తప్పించుకుని నా మీదికొచ్చాడు. నేను ఆలోచించలేదు. మా ఊరి ఇసుక మీద వాలినట్టే వాలి, జారి, కాళ్ళు తోశాను. బంతినే తన్నాను, ఇప్పటికీ అదే చెబుతాను. బంతి గీత దాటి జనంలోకి వెళ్ళింది. దాని వెనకే నా రెండో కాలు అతని పిక్కకు తగిలింది. ఇసుకలో అయితే ఎగిరి పడేవాడు. ఇక్కడ అతని బూటు కింది మేకులు ఒక బీటలో దిగబడి ఉన్నాయి. పాదం కదల్లేదు. మోకాలి కింద ఎముక కదిలింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. మా వైపు జనం అది అర్థం కాక చప్పట్లు కొట్టారు.

రిఫరీ ఫౌల్ కూడా ఇవ్వలేదు. టెంటు కింద పరిచిన పట్టా తెచ్చి, దాని మీద అతన్ని మోసుకెళ్ళి ఆటోలో ఎక్కించారు. అతను ఒకటే మాట అంటున్నాడు, "నెలన్నరే ఉందిరా, నెలన్నరే ఉంది" అని. పావుగంటకు ఆట మళ్ళీ మొదలైంది. మేం గెలిచాం. ఉత్తమ డిఫెండర్ అని నాకో కప్పు ఇచ్చారు. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, వెళ్ళి తీసుకున్నాను. ఫొటో కూడా దిగాను.

ఆసుపత్రికి నేను వెళ్ళలేదు. మాస్టారు వెళ్ళొచ్చారు.

"రాడ్ వేశారు. నడుస్తాడు" అన్నారు.

"ఆడతాడాండీ?"

ఆయన సైకిల్ చక్రం ఒకసారి తిప్పి చూశారు. "నీ ప్రాక్టీసు సంగతి చూసుకో" అన్నారు.

చూసుకున్నాను. పరుగు బాగానే ఉంది, తలతో బంతి కొట్టడం బాగానే ఉంది. కానీ ప్రాక్టీసులో ఎవరైనా ఎదురొస్తే నా కాలు అర క్షణం ఆగుతోంది. ఎవరికీ చెప్పలేదు. విజయవాడ వెళ్తే అదే సర్దుకుంటుంది అనుకున్నాను.

విజయవాడలో మైదానం నిండా పచ్చగడ్డి, ఉదయాన్నే నీళ్ళు పెట్టిన మెత్తటి నేల. మా ఇసుకలాగే ఎంత జారినా ఏమీ కాదు. మొదటి రెండు రోజులూ నా దాకా గట్టిగా ఎవరూ రాలేదు. బాగానే ఆడానన్నారు. మూడో రోజు ఆఖరి ఆటలో, సెలెక్టర్లు నోటు పుస్తకాలు పట్టుకుని చూస్తుండగా, ఒక విశాఖ కుర్రాడు బంతితో నేరుగా నా మీదికొచ్చాడు. నేను వాలబోయాను. అతని పాదం ఎక్కడుందో చూశాను. ఆ గడ్డిలో బీటల్లేవని నాకు తెలుసు. తెలిసి కూడా కాలు వెనక్కి లాక్కున్నాను. అతను నా పక్కనుంచి వెళ్ళి గోల్ కొట్టాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ లాక్కున్నాను.

సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు లేదు.

బస్సు ఉయ్యూరు దాటింది. మాస్టారు అడిగారు, "కాలెందుకు లాక్కున్నావు?"

"జారిందండీ."

"జారలేదు. నేను చూశాను." బందరులో దిగాక నా సంచి తనే మోసుకుంటూ మా ఊరి ఆటో దాకా వచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఇంకో ఏడాది ఆడాను. దివిసీమలో చల్లపల్లి, అవనిగడ్డ వైపు టోర్నమెంట్లకు నా పాత పేరు చూసి పిలిచేవారు. పడగొడతాననుకుని పిలిచినవాళ్ళ ముందు నేను పక్కకు తప్పుకుని దారిచ్చేవాణ్ణి. "ఏం బావా, దండం పెట్టి మరీ సాగనంపుతున్నావా?" అని గట్టు మీదనుంచి అరిచేవారు. నవ్వులు. మరుసటి వేసవికి ఎవరూ పిలవలేదు. నేను పడవ ఎక్కాను. మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. కొన్నేళ్ళకు నడుము పట్టేసి పడవ మానేసి, హార్బరు నుంచి ఐసు వేసిన చేపల పెట్టెలు మార్కెట్లకు చేరవేసే వ్యాను నడపడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే పని.

నాకంటూ మిగిలింది ఒకే ఒక్క మాట. ఆ రోజు విజయవాడలో నేను కాలు లాక్కున్నది ఆ గుడివాడ ఫార్వర్డ్ కోసం. అతనికి పోయిందే నేనూ పోగొట్టుకున్నాను. దీన్ని తప్పు తీర్చుకోవడం అనుకున్నానో, త్యాగం అనుకున్నానో గానీ, పద్నాలుగేళ్ళు దాన్నే పట్టుకుని బతికాను. మా ఆవిడకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒకనాడు చేపల కూర వండుతూ ఆమె విసుక్కుంది.

"ప్రతిసారీ నాకు చెబుతారేంటండీ? విని నేనేం చెయ్యను? ఆయన గుడివాడలోనే ఉన్నాడుగా. వెళ్ళి ఆయనకు చెప్పండి, ఆయనైనా సంతోషిస్తాడు."

అతను గుడివాడలో బళ్ళ సీటు కవర్లు కుట్టే షాపు పెట్టుకున్నాడని నాకు తెలుసు. వారానికి మూడుసార్లు ఆ ఊరి మార్కెట్‌కు వెళ్తూ కూడా ఆ రోడ్డు మీదికి పోయేవాణ్ణి కాదు. మొన్న వేసవిలో వెళ్ళాను. పెట్టెలు దించేసి, వ్యాను షాపు ముందు ఆపి, సీటు చిరిగిందని చెప్పాను. అది నిజమే.

అతను మెషీన్ మీదనుంచి తలెత్తాడు. బరువెక్కాడు, జుట్టు పలచబడింది. నన్ను చూసిన క్షణంలోనే గుర్తుపట్టాడు.

"బందరు బావా" అన్నాడు. లేచి, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతను నన్ను తిట్టినా, తలుపు మూసుకున్నా ఏం చెప్పాలో సిద్ధం చేసుకునే వెళ్ళాను. దీనికి మాత్రం సిద్ధంగా లేను.

షాపులో ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళ వైపు తిరిగాడు. "నేనెప్పుడూ చెబుతుంటానే, ఈయనేనండీ. నా కాలు ఈయన పుణ్యమే. తర్వాత స్టేట్‌కి ఆడాడు. మామూలోడు కాదు. నన్ను ఆపాలంటే స్టేట్ ప్లేయర్ కావాల్సొచ్చింది మరి."

వాళ్ళు నన్ను గౌరవంగా చూశారు. ఒకాయన లేచి కుర్చీ ఇచ్చాడు.

"స్టేట్‌కా, ఎవరు చెప్పారు నీకు?" అన్నాను.

"ఆసుపత్రిలో ఉండగా మా మావయ్య చెప్పాడు బావా. బందరు బ్యాక్‌ని తీసుకున్నారంట అని. ముందు కడుపు మండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత తర్వాత అదే బాగనిపించింది. ఊరికే ఎవడో పోకిరోడు తన్నితే విరిగిన కాలు కాదుగా ఇది." టీ చెప్పి, నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మా అమ్మాయి కూడా స్కూల్లో అందరికీ అదే చెబుతుంది. సర్లే గానీ, క్యాంపులో ఏం పెట్టేవారు? బాగా చూసుకునేవారా?"

పద్నాలుగేళ్ళుగా దాచుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీ కోసమే కాలు లాక్కున్నానయ్యా, నేనూ వెళ్ళలేదు, మనిద్దరికీ ఏమీ దక్కలేదు. అతను నా మొహంలోకి చూస్తున్నాడు, పెళ్ళి భోజనం గురించి అడిగినంత ఆశగా.

"పొద్దున గుడ్లు, పాలు. మధ్యాహ్నం చికెన్" అన్నాను.

"రోజూనా?"

"రోజూ."

"ఎవర్నైనా గట్టోళ్ళని ఆపావా?"

"ఆపాను."

అతను తృప్తిగా తలూపాడు. ఈడ్చే కాలి మీద చెయ్యి వేసి నిమురుకున్నాడు. "పర్లేదులే బావా. ఇద్దర్లో ఒకళ్ళమైనా వెళ్ళాం. నాకదే చాలు" అన్నాడు.

సీటు కవరు చక్కగా కుట్టిచ్చాడు. ఆదివారం ఇంటికి రమ్మన్నాడు, ఆ కబుర్లన్నీ తన కూతురికి నా నోటితోనే చెప్పాలట. వస్తానన్నాను. వెళ్ళలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగితే, చెప్పానని చెప్పాను. ఇప్పుడు గుడివాడ సరుకు వేరే డ్రైవరు తీసుకెళ్తున్నాడు. నేను అవనిగడ్డ వైపు నడుపుతున్నాను.

ఆ విశాఖ కుర్రాడి కాలికి అడ్డంగా నా కాలు ఒక్కసారి వేసి ఉంటే, గుడివాడలో అతను చెప్పుకునేది నిజమై ఉండేది. అతని కోసమని నేను చేసింది ఒకే ఒక్క పని. అది కూడా అతనికి అక్కర్లేని పని.