శనివారం సోడా నీళ్ళు

బ్యాటరీ బాబాయికి చిల్లు లేని చొక్కా ఒక్కటంటే ఒక్కటి లేదు. పెళ్ళిళ్ళకని దాచుకున్న తెల్లచొక్కా ఒకటుండేది. ఓ పెళ్ళి నుంచి తిన్నగా షెడ్డుకు వెళ్ళి, "ఒక్కసారి చూసి వద్దాం" అని బండి సీటు ఎత్తడంతో దాని పనీ అయిపోయింది. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ కనిపించదు. ఉతికి ఆరేశాక తెలుస్తుంది. వాళ్ళావిడ ఆ చొక్కాను వెలుతురుకు ఎత్తిపట్టి, "మనకు జల్లెడ కొనే పని లేదండీ, పిండి దీంతోనే జల్లించుకుంటాను" అనేది. అని, మళ్ళీ తనే కూర్చొని ఓపిగ్గా చిల్లులు కుట్టేది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేసిన పని చెప్పుకుంటే చిన్నదే. గోల్ఫ్ మైదానంలో పన్నెండు బండ్లున్నాయి. ఆడేవాళ్ళనీ, వాళ్ళ కర్రల సంచుల్నీ ఎక్కించుకొని పచ్చిక మీద తిరిగే చిన్న కరెంటు బండ్లు. ఒక్కో బండి సీటు కింద ఆరు సీసం బ్యాటరీలు, ఒక్కో బ్యాటరీకి నాలుగు మూతలు. పన్నెండు బండ్లకూ కలిపి రెండువందల ఎనభై ఎనిమిది మూతలు. అవన్నీ విప్పి, లోపలికి తొంగిచూసి, తగ్గినంత డిస్టిల్డ్ వాటర్ పోసి, మళ్ళీ బిగించాలి. ఇంతేనా అని ఎవరైనా అంటే బాబాయి వాదన పెట్టుకునేవాడు కాదు. నీళ్ళ డబ్బా వాళ్ళ చేతికిచ్చి, "ఒక్క బండికి పొయ్యండి చూద్దాం" అనేవాడు. పది మూతలయ్యేసరికి నడుం పట్టేసి, వాళ్ళే మాట మార్చేవారు.

ఆయనకు ఇష్టమైన వేళ పొద్దున్న ఆరు. రాత్రంతా చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీలు అప్పటికి నిండా చార్జయి లోపల బుడబుడలాడుతుండేవి. పన్నెండు పొయ్యిల మీద పన్నెండు గిన్నెల్లో ఎసరు మరుగుతున్నట్టు ఉండేది షెడ్డంతా. ఘాటు వాసన ముక్కుపుటాలకు తగిలేది. కొత్తవాళ్ళు దగ్గేవారు, బాబాయికి మాత్రం ఆ వాసన వస్తేనే తెల్లారినట్టు. పనిలో చేరినప్పుడు ఆయన వయసు ఇరవై మూడు. అప్పటి పెద్ద మేస్త్రీ ఆయన చెవి పట్టుకొని బ్యాటరీ దగ్గరికి వంచి, "యాసిడ్ కొలిచే గొట్టం తర్వాత, ముందు విను" అన్నాడట. మెడ నొప్పి పుట్టేదాకా వదల్లేదట. ఆ మేస్త్రీ పోయి చాలా కాలమైంది. చెవి మాత్రం ఆయన చెప్పినట్టే వింటూ వచ్చింది.

సీసం బ్యాటరీలో ఒక మంచి గుణం ఉంది. అలిసిపోతే అలిసిపోయానని చెబుతుంది. చెరువు పక్క ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలగడం మొదలుపెడితే, షెడ్డులో టీ తాగుతున్న బాబాయి గ్లాసు కింద పెట్టి, "అయిదో నంబరు. ఇంకో అరగంట లాగుతుంది" అనేవాడు. సరిగ్గా అరగంటకు ఓ ముసలి డాక్టరు టోపీతో విసురుకుంటూ నడిచి వచ్చి, "ఏమయ్యా బాబాయ్, నీ బండి నన్ను మధ్యలో దింపేసింది" అని తిట్టేవాడు. బాబాయి బండిని లాక్కురావడానికి తాడు తీసుకొని బయల్దేరేవాడు. దారి పొడుగునా డాక్టరు తిట్టడం, బాబాయి నవ్వడం. ఇప్పుడు ఆ డాక్టరూ లేడు. అలా హాయిగా తిట్టే మనుషులే తగ్గిపోయారని బాబాయి బెంగ.

ఇక శనివారం సంగతి చెప్పాలి, ఈ కథంతా దాని మీదే నడిచింది. బ్యాటరీ పొంగినప్పుడు పైకి చిమ్మిన యాసిడ్ తుడవకపోతే పచ్చగా, తెల్లగా తుప్పు పూస్తుంది. వంట సోడా కలిపిన నీళ్ళు పోస్తే అది బుసబుస నురగ కక్కి చచ్చిపోతుంది. శనివారం ఆటలు ముగిశాక మూడు బండ్లకు ఈ స్నానం. నాలుగు వారాల్లో పన్నెండూ ఒక చుట్టు అయిపోయేవి. సోడా ఇంట్లోంచే. శనివారం పొద్దున్నే వంటగది డబ్బాలోంచి నాలుగు గుప్పెళ్ళు తీసి పొట్లం కట్టి, క్యారేజీ సంచిలో పెట్టుకొని బయల్దేరేవాడు. షెడ్డులో బకెట్లో కలిపి, సీట్లెత్తి, బ్రష్షుతో మూలమూలలా రుద్ది, తీగలు బిగించిన చోట్లు విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించేవాడు. పెళ్ళాం పురిటికి వెళ్ళిన శనివారం కూడా ఆ పని మానలేదని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ ఏడు మైదానం వాళ్ళు సీసం తీసేసి లిథియం బ్యాటరీలు పెట్టించాలని నిశ్చయించారు. ఆ పని దక్కించుకున్న కంపెనీ తరఫున వచ్చింది ఎవరో కాదు, బాబాయి సొంత మేనకోడలే, చెల్లెలి కూతురు. సొంతంగా చేయిస్తున్న మొదటి పని ఆమెకిది. ఇది సవ్యంగా జరిగితే ఇంకో పెద్ద మైదానంలో నలభై బండ్ల పని ఆమె చేతికే వస్తుంది. చెడితే కంపెనీ వాళ్ళు ఆమెను మళ్ళీ ఎవరి కిందో పెడతారు.

"నా మీద కోపమా మావయ్యా?" అంది వచ్చిన రోజే.

"కోపమెందుకే. ఎవరో వచ్చి పీకే బదులు నువ్వే పీకుతున్నావు" అన్నాడు బాబాయి. అన్నాడే గాని, మొదటి బండిలోంచి ఆరు బ్యాటరీలూ దింపుతుంటే పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఒక్కోటి ముప్పై కిలోలకు కొంచెం తక్కువ. బరువు దిగగానే బండి వెనకభాగం స్ప్రింగుల మీద జానెడు పైకి లేచింది. ఆ ఖాళీ గుంతలో అడుగున పదిహేనేళ్ళ తుప్పు, ఒక పాత మూత, ఎప్పుడో పోయిందనుకున్న ఆయన పదమూడో నంబరు పానా. పానా తుడిచి జేబులో వేసుకున్నాడు.

రెండు వారాల్లో పన్నెండు బండ్లూ మారాయి. ఆరు డబ్బాలున్న చోట ఒకే ఒక్క నల్లటి పెట్టె. చార్జర్లూ కొత్తవే. మేనకోడలు బండెక్కించి చెరువు పక్క ఎత్తు మీదికి పోనిస్తే, బండి మూలగలేదు సరిగదా, బాబాయి సీటు పట్టుకోవాల్సి వచ్చింది. "బాగుందే" అన్నాడు. నిజంగానే బాగుంది, అదే ఆయన బాధ.

"ఇందులో నీళ్ళు పోసే పనే లేదు మావయ్యా. మూతలే ఉండవు" అంది ఆమె. బాబాయి తలూపాడు. లోపల పోసే నీళ్ళ గురించి చెబుతోందని అర్థమైంది. పైన కడగడం వేరే సంగతి కదా.

నీళ్ళు పోసే పని లేకపోతే ఆ మనిషెందుకని మేనేజరు అడగనే అడిగాడు. మేనకోడలు తన రిపోర్టులో ఒక వాక్యం రాసింది: బండ్ల సంగతి తెలిసిన అనుభవజ్ఞుడు ఒకరు కనీసం ఏడాదిపాటు షెడ్డులో ఉండాలి. దాంతో బాబాయికి ఏడాది పొడిగింపు ఖాయమైంది. ఆ మాట విన్న రోజు ఆయన ఇంటికి నడవలేదు, తేలుతూ వెళ్ళాడు.

శుక్రవారం పని ముగిసింది. ఆదివారం పొద్దున, జనం ఎక్కువగా వచ్చే రోజున, మూడు బండ్లు కదల్లేదు.

మూలగలేదు, అరగంట లాగలేదు. చచ్చినట్టు పడున్నాయి. ఆడేవాళ్ళు సంచులు పట్టుకొని వరసలో నిలబడ్డారు. మేనేజరు ముఖం కందగడ్డయింది. మేనకోడలు పరుగున వచ్చి సీటెత్తి, నల్లపెట్టె పక్కనున్న చిన్న ప్లగ్గు ఊడదీసి చూసింది. లోపల తెల్లటి పొడి. వేలితో తీసి చూసి, ఆ వేలు ప్యాంటుకు తుడుచుకుంది. ఒక్క క్షణం మావయ్య వైపు చూసింది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "నా పొరపాటే సార్. ప్లగ్గులు సరిగ్గా నొక్కలేదు, చెమ్మ దూరింది. సాయంత్రానికి బాగుచేస్తాను" అంది.

"మొదటి వారమే ఇలా అయితే నేను పైవాళ్ళకు ఏం రాయాలమ్మా?" అన్నాడు మేనేజరు.

"జరిగింది రాయండి సార్" అంది తల దించుకొని.

బాబాయి అక్కడే ఉన్నాడు. పాపం చిన్నపిల్ల, కంగారులో తప్పు చేసింది అనుకున్నాడు. టీ తాగేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని పెద్దరికం వెలగబెట్టాడు కూడా. "చూడమ్మా, తప్పు చెయ్యని మనిషి ఉండడు. నీ వయసులో నేనూ చేశాను. కానీ ప్లగ్గు అనేది టిక్కుమనేదాకా నొక్కాలి. తొందర పనికిరాదు. మా మేస్త్రీ అయితే చెవి మెలేసేవాడు."

"అవును మావయ్యా" అంది ఆమె. బాబాయి ఆమె వీపు తట్టి, తన బిస్కెట్టు కూడా ఆమెకే ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే వంటగదిలోంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. "ఏవండీ, కొత్త బ్యాటరీలకు కూడా సోడా కావాలా?"

"వాటికెందుకే సోడా?"

"మరి నిన్న పొట్లం కట్టుకెళ్ళారుగా? డబ్బా అడుగంటింది, రేపొచ్చేటప్పుడు తెండి."

బాబాయి చెయ్యి పంపు కింద అలాగే ఉండిపోయింది. నిన్న శనివారం. బకెట్టు. బ్రష్షు. మొదటి మూడు బండ్లు. ఆ చిన్న ప్లగ్గు విప్పి, లోపల కూడా సోడా నీళ్ళతో శుభ్రంగా రుద్ది, టిక్కుమనేదాకా నొక్కి పెట్టాడు తను. పళ్ళు తోముకున్నది ఎవరికైనా గుర్తుంటుందా? అలాగే గుర్తు లేకుండా పోయింది. ఆ తెల్లపొడి ఏమిటో ఆ పిల్లకు చూడగానే తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ళు సోడాతో బతికినవాడు, తనకే తెలియలేదు. తెలియకపోగా ఆ పిల్లకే బుద్ధులు చెప్పాడు. ఆమె "అవును మావయ్యా" అని కూర్చొని వింది.

"ఏమైందండీ, నీళ్ళు పోతున్నాయి" అని వాళ్ళావిడే వచ్చి పంపు కట్టింది. సంగతంతా చెప్పాడు. ఆవిడ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంది. "చెబితే ఆ పొడిగించిన ఏడాదీ పోతుంది కదా" అంది.

"పోతుంది."

"చెప్పకపోతే మీకు ముద్ద దిగదు. నాకు తెలుసుగా మీ సంగతి" అంది ఆవిడ.

సోమవారం పొద్దున మేనేజరు ఇంకా కుర్చీలో సర్దుకోకముందే బాబాయి ఎదురుగా నిలబడ్డాడు. "సార్, ఆ మూడు బండ్లూ చెడగొట్టింది నేను. సోడా నీళ్ళతో కడిగాను. మా మేనకోడలు నన్ను కాపాడ్డానికి తన మీద వేసుకుంది. ఆమె పేరు మీద రాసింది కొట్టేసి నా పేరు రాయండి."

మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మంచివాడే, కాకపోతే పైన అతనికీ మేనేజర్లున్నారు. "రాస్తే మీ పొడిగింపు నా చేతిలో ఉండదు బాబాయ్."

"తెలుసు సార్. మీరు రాస్తుంటే చూసి వెళ్తాను."

మేనకోడలికి ఈ సంగతి తెలిసి షెడ్డులోకి విసురుగా వచ్చింది. "నిన్నెవరు చెప్పమన్నారు మావయ్యా? నాకు ఇవాళ కాకపోతే రేపు ఇంకో పని దొరుకుతుంది. నువ్వు పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తావు?"

నిన్నటి నుంచి బాబాయి కూడా అదే ప్రశ్న తనకు తాను వేసుకుంటున్నాడు. "నీ పేరు మీద మచ్చ పెట్టి నేనిక్కడ ఏడాది కూర్చోలేనమ్మా" అని మాత్రం అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన పక్కకు చూశాడు.

నలభై బండ్ల పని ఆమెకే వచ్చింది. బాబాయికి నెలాఖరు దాకా గడువిచ్చారు. ఆఖరి శనివారం మేనేజరు ఒక తెల్లరంగు డబ్బా పంపించాడు, ప్రతి బండి సీటు మూత కింద హెచ్చరిక రాయించమని. షెడ్డులో చేతిరాత కుదిరినవాడు బాబాయే. చిన్న కుంచె ముంచి మొదటి బండి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. 'నీళ్ళు పోయకండి. కడగకండి.' రెండో బండి, మూడో బండి. కదలకుండా పోయిన బండ్లు ఈ మూడే. నాలుగో దానికి వచ్చేసరికి అక్షరం వంకర పోయింది.

మేనకోడలు పక్కన కూర్చొని, "కుంచె ఇటివ్వు మావయ్యా. మిగతావి నేను రాస్తాను" అంది.

"వద్దమ్మా. నీకు తెలుసు, నాకూ ఇప్పుడు తెలుసు. తెలియాల్సింది ఈ చేతికి" అన్నాడు బాబాయి.

ఆమె మూత ఎత్తి పట్టుకుంది. ఆయన వంకర పోయిన అక్షరాన్ని గుడ్డతో తుడిచి మళ్ళీ మొదటినుంచి రాశాడు. ఇంకా ఎనిమిది బండ్లున్నాయి.