పియానోకు బొట్టు

పని లేనప్పుడు వచ్చే కలలంత తియ్యటివి మళ్లీ రావు. ఎనభైల చివర్లో, ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో నాకు అలాంటివి దండిగా ఉండేవి. ఆర్మూరులో మా వీధి చివర టీచరమ్మ ఇంట్లో పాత పియానో ఒకటి ఉండేది. సాయంత్రం మార్కెట్ యార్డు నుంచి పసుపు వాసన మోసుకొచ్చే గాలిలో ఆ వాయింపు వినబడితే, ఒళ్లో ఉన్న బియ్యం చేట మీదే వేళ్లాడించేదాన్ని. (బియ్యంలో రాళ్లు అలాగే ఉండిపోయేవి. ఆ సంగతి అన్నం తినేటప్పుడు నాన్న పళ్లకు తెలిసేది.)

ఒక పసుపు సీజన్‌లో ఆ పియానో మూగబోయింది. లోపల తీగలను పట్టి ఉంచే పెద్ద ఇనుప పలక తుప్పు పట్టిందని, టీచరమ్మ తీగలన్నీ విప్పించి, దాన్ని లారీలకు రంగులేసే మా మామ దగ్గరికి పంపింది. ఆయన ధారాళంగా బంగారు రంగు కొట్టాడు. పలక ధగధగలాడింది గానీ, దాని మీద ఉబ్బెత్తుగా ఉన్న కంపెనీ పేరు, అంకెలు ఆ బంగారంలోనే కలిసిపోయాయి. మా వాకిట్లో నా ముగ్గులు చూసిందేమో, టీచరమ్మ నన్ను పిలిచింది.

"సన్న కుంచెతోని అచ్చరాల మీద నల్లరంగు నింపాలె బిడ్డా. పక్కకు పోవద్దు. మంచిగ జేస్తివంటే నీకు వాయించుడు నేర్పిస్త."

ఏనుగెక్కినంత సంబరపడ్డాను. మర్నాడు టీచరమ్మ బడికి వెళ్లగానే వాళ్ల వరండాలో పలక ముందు కూర్చున్నాను. మొదటి అక్షరం దిద్దానో లేదో, నాకు తోడొచ్చిన నాయనమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"గదేందే! బంగారమసొంటి కొత్త సామాన్ మీద నలుపు పెడ్తరా ఎవలన్న? మీ తాత కొత్త కాంటా తెస్తె గూడ, బొట్టు పెట్టినంకనే పసుపు జోకిండు. ఎర్రగ రాయి!"

నిజమేననిపించింది. మా ఊళ్లో బొట్టు పడని కొత్త వస్తువు ఏదుంది? నలుపును కిరసనాయిలుతో తుడిచేసి, మామ దగ్గర ఎర్రరంగు తెచ్చి అక్షరాలన్నీ దిద్దాను. అక్కడితో చేయి ఆగితేనా! పలకను బిగించే బోల్టుల తలలన్నిటికీ తలో బొట్టు పెట్టి, మూలన ఒక చిన్న ముగ్గు కూడా వేసేసరికి అది అచ్చం పండగపూట గడపలా తయారైంది. నాయనమ్మ దండం పెట్టుకుంది. టీచరమ్మ చర్చికి వెళ్లే మనిషన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం ఆమె వచ్చి చూసింది. వంగి ఒక్కో బొట్టూ చూసింది. నా కల గోదాట్లో కలిసిందనుకున్నాను. (మాకు గోదారి మీది పోచంపాడ్ డ్యామ్ దగ్గరే కదా, ఎంతోసేపు పట్టదు.)

"నల్లగ అన్న గదా బిడ్డా?"

"కొత్తదానికి నలుపెట్ల పెడ్త టీచరమ్మా?" అన్నాను, కుంచె వెనక్కి దాచుకుంటూ.

ఆమె కుర్చీలో కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "మా నాయిన కొన్నడు దీన్ని. ఇన్నేండ్లల్ల దీనికి ఎవలూ బొట్టు పెట్టలే. ఉండనీ. రా, కూసో."

తీగలు బిగించే మనిషి హైదరాబాద్ నుంచి ఇంకా రాలేదు. నేను మెట్లు నొక్కితే లోపల చెక్క టకటకమనేది, అంతే. ఆ స్వరాలను టీచరమ్మే పక్కన కూర్చుని మెల్లగా పాడేది. కళ్లు మూసుకుంటే ఆ గొంతు నా వేళ్లలోంచే వస్తున్నట్టుండేది. నేను తప్పు మెట్టు నొక్కినా ఆమె సరైన స్వరమే పాడేది, మహాతల్లి.

తర్వాత తీగలొచ్చాయి. నాకు సంగీతం బొత్తిగా రాదని వీధి వీధంతా తెలిసిపోయింది. ఆనాటి పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది. తీగల్లేని ఆ కొద్దిరోజులూ ఆర్మూరులో నా అంత బాగా పియానో వాయించినవాళ్లు లేరు.