ఈదమ్మకు తీసిన కొలత

పదేళ్లు ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మా అత్త బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఉప్పు తక్కువైన సంగతి దగ్గర్నుంచి అన్నీ ఆమెకే చెప్పుకునేదాన్ని. ఇదొక్కటి చెప్పలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా సగం చెప్పి, మిగతాది ఆయనకు తెలిసే ఉంటుందిలే అనుకొని కొబ్బరి ముక్క తీసుకొని వచ్చేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మంచిదాన్నని అనిపించుకోవాలని మాత్రం రాయడం లేదు. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది గద్వాలలో మగ్గం ఇల్లు. మా ఆయన చీరలు నేస్తాడు. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పట్టు అంచును నూలుకు కలిపేటప్పుడు పక్కన ఇంకో మనిషి కూర్చొని దారాలు అందుకోవాలి. ఆ మనిషిని నేను. పెళ్లైన పదకొండేళ్లు అలాగే పక్కపక్కన కూర్చున్నాం. పిల్లలు కలగలేదు. కర్నూలు దవాఖానలు అయ్యాయి, రాయచూరు మందులు అయ్యాయి, మొక్కులు అయ్యాయి. చివరికి దత్తత మాట ఎత్తింది మా ఆయనే.

దరఖాస్తు పెట్టాక ఒక మేడం ఇల్లు చూడటానికి వచ్చింది. మగ్గం ముందు కాళ్లు పెట్టుకునే గుంట చూసి, పిల్ల ఇందులో పడితే ఎట్లా అని అడిగింది. మా ఆయన మర్నాడే వడ్రంగి దగ్గరికి వెళ్లి గుంటకు సరిపోయేలా చెక్కలు కొట్టించుకొచ్చాడు. పిల్ల వచ్చింది రెండేళ్ల తర్వాత. ఆ రెండేళ్లూ మగ్గం దిగిన ప్రతిసారీ గుంట మీద చెక్కలు పరిచేవాడు, ఎక్కేటప్పుడు తీసేవాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అత్త నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ మనిషి ఎలాంటివాడో మీకు తెలియాలని ఇది చెప్తున్నాను. తర్వాత నేను చేసిన పనికి ఆయనకు ఏ సంబంధమూ లేదు.

ఒకరోజు ఫోన్ వచ్చింది. పద్నాలుగు నెలల ఆడపిల్ల, వచ్చి చూసుకోండి అని. గద్వాల నుంచి వనపర్తికి ఒక బస్సు, వనపర్తి నుంచి నాగర్‌కర్నూలుకు ఇంకో బస్సు, అక్కడి నుంచి ఇంకా లోపలికి ఆటో. ఆ అనాథాశ్రమం ఊరి పేరు రాయను. రెండుసార్లు వెళ్లి చూసొచ్చాం. మూడోసారి తెచ్చుకోవడానికి వెళ్లాం. మగ్గం మీద మిగిలిన పట్టు ముక్కతో నేనే చేత్తో కుట్టిన చిన్న గౌను సంచిలో పెట్టుకున్నాను.

వెళ్లిన మూడుసార్లూ మా పాప ఒకే చంకలో ఉంది. ఆ చంక ఆరేళ్ల పిల్లది. పేరు ఈదమ్మ. మన్ననూరు వైపు నుంచి వచ్చిందని, అమ్మానాన్న లేరని, అడవి ఊళ్లో ఒక ముసలి నాయనమ్మ ఉందని అక్కడ పిల్లలను చూసుకునే ఆయమ్మ చెప్పింది. నాయనమ్మ ఉంది కాబట్టి ఆ పిల్లను దత్తతకు ఇవ్వడానికి లేదట. మా పాపకూ ఈదమ్మకూ రక్త సంబంధం ఏమీ లేదు. కానీ పాపకు అన్నం పెట్టేది ఆమె, ముక్కు తుడిచేది ఆమె. నిద్రొస్తే పాప ఆమె చెవి పట్టుకొని పడుకునేది.

ఆ రోజు మా ఆయన లోపల గదిలో సంతకాలు పెడుతున్నాడు. నేను వరండాలో పాపకు గౌను తొడిగాను. తర్వాత ఎత్తుకోబోతే పాప ఒక చేత్తో ఈదమ్మ మెడ, ఇంకో చేత్తో చెవి పట్టుకొని కేకలు. ఆయమ్మ లాగింది, నేను లాగాను. చెవి ఎర్రగా కమిలిపోతున్నా ఆ పిల్ల కిక్కురుమనలేదు. బయట ఆటో అతను తొందర పెడుతున్నాడు. ఆయమ్మ చాక్లెట్ తెస్తానని లోపలికి వెళ్లింది. మేం ముగ్గురమే మిగిలాం. అప్పుడు ఈదమ్మ గౌను అంచును వేలితో రాస్తూ అడిగింది.

"నాకు లేదా గౌను?"

"నీకు గూడ కుడ్త. రా, కొలత తీస్త."

మగ్గం ఇంటి ఆడదాని కొంగుకు ఎప్పుడూ ఒక దారం ముక్క అంటుకునే ఉంటుంది. తీశాను. పాపను చంకలో పెట్టుకునే ఆ పిల్ల నిటారుగా నిలబడింది, ఊపిరి బిగపట్టి. భుజం నుంచి మోకాలి దాకా ఒక ముడి వేశాను. ఛాతీకి ఒక ముడి. చేతికి ఒక ముడి.

"మల్ల వస్తరా మీరు?"

"వస్తం. వచ్చే ఆదివారం కాకుంటే పై ఆదివారం. నిన్ను గూడ తోలుకపోతం. జర చెల్లెను నా చేతికియ్యి."

"నిజంగనా?"

"కొలత తీసిన గద. మా ఇండ్లల్ల కొలత తీస్తే బట్ట ఇచ్చినట్టే."

మా వీధిలో అది ఒట్టు లాంటిది. కొలత తీసి బట్ట ఇవ్వకపోతే పిల్ల ఎదగదని పెద్దవాళ్లు అంటారు. ఆ సంగతి తెలిసే తీశాను. ఈదమ్మ తన చెవి మీదున్న పాప వేళ్లను ఒక్కొక్కటే తనే విడిపించింది. పో చెల్లె, నేను వస్త అని చెప్పి, తన చేతులతో నా చేతుల్లో పెట్టింది.

నేను లాక్కోలేదు. ఆ పిల్ల ఇచ్చింది. ఇన్నేళ్లూ నన్ను తిన్నది ఇదే. లాక్కొని ఉంటే పాపం కొంత తక్కువయ్యేదేమో.

చెప్పినప్పుడు అది అబద్ధమేనా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. ఆ నిమిషంలో నిజమే అనిపించింది. తీసుకురాలేకపోయినా గౌనైనా ఇచ్చి వస్తాను కదా అనుకున్నాను. బస్సు ఎక్కేసరికి ఆ అనుకోవడం కూడా సన్నబడింది. వనపర్తి దాటేసరికి పాప నా ఒళ్లో నిద్రపోయింది. అంతకుముందే మా ఆయన కొత్త చొక్కా మీద పాలు కక్కుకుంది, ఆయన దాన్ని తుడవకుండా అలాగే మురిసిపోతూ కూర్చున్నాడు. ఇక నాకు లోకంలో ఇంకో పిల్ల గుర్తులేదు.

పాపకు గుర్తుంది. నిద్రొచ్చినప్పుడల్లా చేయి నా చెవి దగ్గరికి వచ్చేది. కమ్మ తగలగానే విసిరికొట్టి, ఇల్లంతా వెతుక్కుంటూ అక్క, అక్క అని ఏడ్చేది. నేను కమ్మలు తీసేశాను. అయినా నా చెవి ఆమెకు నచ్చలేదు. ఒక్క ఆదివారం తీసుకెళ్లి ఆ పెద్దపిల్లను చూపించుకొద్దామా అని మా ఆయన అన్నాడు. చూస్తే బెంగ ఇంకా ఎక్కువవుతుందని నేను అన్నాను. ఆడదానికి ఇవి తెలుస్తాయని ఆయన నమ్మాడు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఆరేళ్ల పిల్ల మీద నాకు కుళ్లు పుట్టింది. అన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న నా బిడ్డ, నన్ను పక్కకు నెట్టి ఇంకొకరిని వెతుక్కుంటోంది. అది నేను ఓర్చుకోలేకపోయాను.

ఐదు నెలలు పట్టింది. ఒకరోజు నూలు కండెలు చుడుతుంటే పాప వెనక నుంచి వచ్చి నా వీపు మీద పడి అమ్మా అంది. కండె చేతిలోంచి జారిపోయింది. ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. మా అత్త వచ్చి, బిడ్డ పిలిస్తే పలకాలి గాని గిట్ల ఏడుస్తరా అని కోప్పడింది.

ఆ మరుసటి వారమే ఫోన్ మోగింది. మా ఆయన నేసిన చీర ఇచ్చి రావడానికి వెళ్లాడు. ఫోన్ ఇంట్లో వదిలిపోయాడు. ఆశ్రమం మేడం. ఈదమ్మ నాయనమ్మ చనిపోయిందట. ఇప్పుడు ఆ పిల్లను కూడా దత్తతకు ఇవ్వొచ్చట. పెద్ద పిల్లలను అడిగేవాళ్లు తక్కువ, మీరు సరేనంటే మీ పేరు పై ఆఫీసుకు రాస్తాను అంది. తర్వాత గొంతు తగ్గించి, ఆదివారం వస్తే చాలు స్నానం చేసి, బట్టలు మూట కట్టుకొని గేటు దగ్గర కూర్చుంటోంది, ఎవరు చెప్పారో ఏమో అంది.

ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఆ నిమిషంలో నాకు కనిపించింది గేటు దగ్గర కూర్చున్న పిల్ల కాదు. మా ఇంటి గుమ్మంలో నిలబడ్డ పిల్ల. నా బిడ్డ నా వీపు మీది నుంచి దిగి ఆమె దగ్గరికి ఉరికి, చెవి పట్టుకొని నిద్రపోతున్నట్టు కనిపించింది. ఒక్క పిల్లను సాకుడే మాకు బరువైతుంది మేడం, మా ఆయన కూడా వద్దన్నడు అని చెప్పాను. ఆయన పేరు మీద చెప్పాను. బరువేమీ కాలేదు. ఆయనను అడిగి ఉంటే చెప్పులు వేసుకోకుండా బస్టాండుకు పరిగెత్తేవాడు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆయన రాకముందు జవాబు చెప్పేశాను. ఫోన్ ఎవరు చేశారని వచ్చాక అడిగితే, నూలు షావుకారు అన్నాను.

తర్వాత ఏళ్లు బాగానే గడిచాయి. బాగానే అంటే, మరిచిపోయాననే చెప్పాలి. మా బిడ్డకు ఆరేళ్లు వచ్చినప్పుడు బడి పండక్కి గౌను కుట్టాలని పెట్టె తెరిచాను. అడుగున ఆ దారం దొరికింది, మూడు ముడులతో. ఎందుకు చేశానో తెలియదు, మా బిడ్డను నిలబెట్టి ఆ దారం పెట్టి చూశాను. భుజం నుంచి మోకాలికి సరిపోయింది. ఛాతీకి సరిపోయింది. అన్నాళ్లూ ఈదమ్మ అంటే నా కళ్ల ముందు ఒక పెద్దపిల్ల. నాకు పోటీకి వచ్చిన మనిషి. నా ఎదురుగా ఉన్నది పాల పళ్లు ఊడిన పిల్ల, అన్నం కలిపి పెడితే తప్ప తినదు, చీకటైతే నా కొంగు వదలదు. ఇంతే ఉండేది కదా ఆ పిల్ల? ఇంత చిన్న పిల్లతోనా నేను పోటీ పడింది?

మర్నాడు ఆ నంబరుకు ఫోన్ చేశాను. పనిచేయలేదు. చుట్టాల పెళ్లని ఇంట్లో చెప్పి బస్సెక్కి వెళ్లాను. ఆ భవనంలో ఎరువుల గోదాము ఉంది. పిల్లలను వేరే చోట్లకు పంపేశారని, ఎక్కడికో తెలియదని పక్క హోటలాయన చెప్పాడు. దత్తత ఆఫీసుకు వెళ్లి అడిగితే తెలిసేది. వెళ్లలేదు. మీరెవరు, ఎందుకు అడుగుతున్నారు అంటారు. ఏమని చెప్పను? తిరిగి బస్సెక్కాను. ఇప్పుడు ఆ పిల్లకు పదహారేళ్లు దాటి ఉంటాయి.

పాప మా ఇంటికి వచ్చిన రోజును ఏటా పండగలాగా చేసుకుంటాం. పూర్ణం పెట్టి భక్షాలు చేస్తాను. మా ఆయన ఆ రోజు కథ చెప్తాడు. చెక్కలు కొట్టించడం, రెండు బస్సులు, చొక్కా మీద పాలు. మా బిడ్డకు అది ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. నేను ఏడ్వలేదా అని అడగడం ఆమె వంతు. ఏడ్వలేదు, నవ్వుకుంటూ నా చేతుల్లోకి వచ్చినవ్ అని చెప్పడం నా వంతు.

పోయిన నెల మళ్లీ ఆ రోజు వచ్చింది. పదకొండేళ్ల పిల్ల, భక్షం చేతిలో పట్టుకొని అదే ప్రశ్న వేసింది. నాకు నా వంతు మాట రాలేదు. ఇద్దరూ నా వైపు చూశారు. ఏడ్చినవ్ బిడ్డా, చాలా ఏడ్చినవ్ అన్నాను. ఇక ఆపుకోలేకపోయాను. ఈదమ్మ సంగతి, చెవి సంగతి, కొలత సంగతి చెప్పాను.

మా బిడ్డ చేతిలోని భక్షం పళ్లెంలో పెట్టేసింది. తర్వాత అడిగింది. "మరి గా అక్క ఏడ్చిందా?"

"లేదు బిడ్డా. గేటు దాక ఉరికొచ్చి, నవ్వుకుంట చెయ్యి ఊపింది. మల్ల వస్తమని నేను చెప్పిన గద."

మా ఆయన నా భుజం మీద చేయి వేశాడు. "గా పిల్లకు నాయనమ్మ ఉండె గద. మనం అడిగినా ఇయ్యకపోతుండిరి. ఇన్నేండ్లు దీనికే పరేషాన్ అయినవా?"

ఆ చేతి కింద ఊరుకుంటే అయిపోయేది. ఆయన క్షమించేశాడు, తప్పేమిటో తెలియకుండానే. ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టిందని దాచకుండా చెప్తున్నాను.

"ముసలామె పోయింది. వాళ్లు ఫోన్ చేసిండ్రు. నేనే వద్దన్న. నువ్వు వద్దన్నవని చెప్పిన."

ఆయన చేయి తీసేశాడు. మా బిడ్డ లేచి లోపలికి వెళ్లింది. నెల దాటింది. అవసరమైనవి మాట్లాడుకుంటున్నాం, నీళ్లు, అన్నం, దారం. అంచు కలిపేటప్పుడు పక్కన కూర్చుంటున్నాను, ఆయన నా ముఖం చూడడు. ఎందుకు చేశావని అడిగితే చెప్పాలని చూస్తున్నాను, అడగడు. అందుకే ఆ ఎందుకు అన్నది మీకు రాశాను.

నిన్న ఇద్దరూ కలిసి, ఆ పిల్ల ఎక్కడుందో చెప్పమని దత్తత ఆఫీసుకు అర్జీ రాస్తూ కూర్చున్నారు. నన్ను పిలవలేదు. నేను పొయ్యి దగ్గరే కూర్చొని విన్నాను. పిల్ల పేరు ఏమని రాయాలి నాన్నా అని మా బిడ్డ అడిగింది. ఈదమ్మ అని ఆయన చెప్పాడు. మా ఇంట్లో ఆ పేరు నేను కాక ఇంకొకరు పలకడం అదే మొదటిసారి. చాలా ఏళ్ల తర్వాత ఊపిరి పూర్తిగా అందింది.