కోతులత్త సంచిలో సీసా

జూలో అందరూ ఆవిణ్ణి కోతులత్త అంటారు. చింపాంజీని కోతి అంటే ఆవిడకు ఒళ్ళు మండుతుంది గానీ, పద్దెనిమిదేళ్ళుగా ఆ బిరుదు మోస్తూనే ఉంది. పొద్దున్నే ఆడ చింపాంజీ మూత్రాన్ని గచ్చు మీంచి సిరంజితో పీల్చి, సీసాలో పట్టి, డాక్టరు బల్ల మీద పెట్టడం ఆవిడ పని. దానికి రెండుసార్లు గర్భం నిలవలేదు కాబట్టి నెలనెలా పరీక్ష చేస్తారు. పరీక్షకు వాడేది మందుల షాపులో ఆడవాళ్ళు కొనుక్కునే కిట్టే.

"మనుషుల కిట్ దీనికెలా పనికొస్తుందండీ?" అని మొదట్లో ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"గర్భం నిలబెట్టే హార్మోను జన్యువు మనకీ వీటికీ ఒకే పూర్వీకులిచ్చిన ఆస్తమ్మా," అన్నాడు డాక్టరు. "ఎప్పుడో పాత జన్యువొకదానికి నకళ్ళు పడ్డాయి. మనమూ అవీ వేరుపడ్డాక ఎవరి నకళ్ళు వాళ్ళు పెంచుకున్నారు. పోలిక మాత్రం పోలేదు."

ఆ ముచ్చట ఆవిడ ఇంట్లో కోడలికి చెప్పింది. కోడలికీ రెండుసార్లు కడుపు నిలవలేదు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తరు. మొన్న ఉదయం ఆ పిల్లే ఒక చిన్న సీసా తెచ్చి అత్తగారి సంచిలో పెట్టింది.

"జూలో ఉన్న కిట్‌తో మీరే చూడండి అత్తయ్యా. నాకు చేతులాడట్లేదు. గీత ఒక్కటే పడితే నాకు చెప్పొద్దు. ఇంకెవరికీ తెలియనివ్వద్దు."

కోతులత్త జూకి వెళ్ళగానే అలవాటు కొద్దీ ఆ సీసా డాక్టరు బల్ల మీద పెట్టి, చీపురు తేవడానికి పోయింది. బుర్ర ఎక్కడ పెట్టుకుందో మరి! తిరిగొచ్చేసరికి డాక్టరు కిట్ పట్టుకుని గంతులేస్తున్నాడు.

"రెండు గీతలు! మన పిల్ల నెల తప్పింది! డైరెక్టరుగారికి ఫోన్ చేస్తున్నా!"

ఆవిడ బల్ల వైపు చూసింది; అక్కడున్నది కోడలి సీసా. ఊరుకుంటే కోడలి గుట్టు దక్కుతుంది, కానీ లేని కడుపుకి చింపాంజీని గుంపు నుంచి విడదీసి నెలల తరబడి ఒంటరిగా ఉంచుతారు.

"ఫోన్ పెట్టేయండి. అది దానిది కాదు, మా కోడలిది."

డాక్టరు ఫోన్ పెట్టేశాడు. ఆవిడ వెనకగదిలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది.

"ఒక్కటే పడిందా అత్తయ్యా?"

"రెండు తల్లీ. కానీ నా బుద్ధి గడ్డి తిని డాక్టరుకి తెలిసిపోయింది. చింపాంజీదనుకుని గంతులేశాడు."

"నిజంగా గంతులేశారా?"

"వేశాడే."

"పోనీలెండి," అంది కోడలు ఏడుస్తూ. "ఈ బిడ్డ కబురు విని భయపడకుండా సంతోషించినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారు."