దమ్ము తిరిగేంత దూరం

నా చిన్నప్పుడు మేము గొర్రెల వెంట నడిచిన దారుల గురించి చదువుదామని మా ఊరి గ్రంథాలయంలో చాలాకాలం వెతికాను. గొర్రెల జాతుల మీద, రోగాల మీద పుస్తకాలు దొరికాయి గానీ, వాటి వెంట నడిచే పిల్లల గురించి ఒక్కటీ కనబడలేదు. అందుకే మా చిన్నమామ చేసిన పని నేనే రాసిపెడుతున్నాను.

మాది గుమ్మఘట్ట వైపు పల్లె. వానలు పడని ఏడాది మందను తోలుకొని అందరం కాలువ కింది ఊళ్లకు నడిచిపోవాల్సి వచ్చింది. నేను అప్పుడే పెద్ద జ్వరం నుంచి లేచాను. నన్ను గార్లదిన్నెలో పెద్దమ్మ ఇంట్లో వదిలిపోవాలని మా నాయన నిశ్చయించాడు. అమ్మను విడిచి ఉండడం తలచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

అమ్మ తమ్ముడైన చిన్నమామ ఏమీ వాదించలేదు. రోజూ మంద ఇంటికి మళ్లే వేళకు నన్ను ఊరి బయటి గుట్ట ఎక్కించేవాడు. నేను పైకి చేరగానే కింద మందను ఊరి వైపు కదిలించేవాడు. ఆయాసం తగ్గాక నేను గొంతెత్తి కేక వేయాలి, అది మధ్యలో తెగకూడదు. కేక వినబడినప్పుడు ముందు గొర్రె ఎక్కడుంటే అక్కడ దారి పక్కన ఓ తెల్లరాయి పెట్టేవాడు. నాకది ఆట.

“ఏమప్పా, గొర్రెలు తోలమంటే రాళ్లు నాటుతాండావా? మొలుస్తాయా?” అని నాయన ఎగతాళి చేసేవాడు.

“మొలిస్తే నీకే చూపిస్తాలే బావా!” అనేవాడు మామ.

బయల్దేరే ముందురోజు మామ నాయననూ నన్నూ ఆ దారి వెంట నడిపించాడు. మొదటి రాయి ఊరి దిబ్బ దగ్గర ఉంది. తర్వాతవి ఒక్కొక్కటే గుట్ట వైపు జరిగాయి. నడుమ ఒకటి రెండు వెనక్కి తగ్గినా, చివరిది గుట్ట మొదట్లోనే ఉంది.

“గుట్టెక్కిన గొర్రెకు డొక్కలెగరేది ఎంత బిరీన నిలుస్తాదో చూసే కదా బావా, దూరానికి తోలేది? పాపకూ అదే చూసినా, రానురానూ ఆయాసం తొందరగా తగ్గింది,” అన్నాడు.

నాయన ఆ రాళ్ల వెంట ఒక్కడే మళ్లీ నడిచి వచ్చాడు. “దీనికి కొత్త చెప్పులు కుట్టించల్ల,” అన్నాడు, అంతే.

కాలువ కింది ఊళ్ల దాకా దూరమంతా నడిచాను. ఎండకు కాళ్లు ఆడనప్పుడు కూర్చున్నాను, ఏడ్చాను కూడా. అయినా దమ్ము తిరిగి వస్తుందని తెలుసు, నా కళ్లతో చూసుకున్నాను కనుక. శ్రమ తర్వాత గుండె త్వరగా నెమ్మదించడం బలానికి గుర్తని ఎన్నో ఏళ్లకు పుస్తకంలో చదివి, మామను తలచుకున్నాను.

ఈ మధ్య పెద్దవాళ్ల కొండనడకకు పేరివ్వడానికి భయపడ్డాను. మనవరాలు తన వాచీ నా చేతికి కట్టింది. కొన్ని వారాలు మెట్లెక్కి కూర్చొని, దానిమీద గుండె వేగం దిగే గీతను చూసుకున్నాను. అది మునుపటికన్నా త్వరగా దిగుతోంది. పేరిచ్చాను, కొండా ఎక్కాను. నా వల్ల కాదని మనసు అన్నప్పుడల్లా నిన్నటి నన్ను ఒకసారి అడిగి చూడడం నాకు ఆ గుట్ట దగ్గరే అలవాటైంది.

వాచీ చూడడం నేర్పిన మనవరాలు శిరీషకు, పట్టిన మాట విడవడం తెలిసిన మా నాయన ఎర్రిస్వామికి, నా మీద నాకు నమ్మకం కలిగేదాకా ఓపిక పట్టిన చిన్నమామ గాదిలింగన్నకు నమస్కారాలు.