చివరి కుట్టు ముందు

పోయిన ఆదివారం ఉదయం, భుజాల దగ్గర బిగుతైన రవిక ఒకటి వదులు చేసుకుందామని కిటికీ పక్కన కూర్చుని కుట్లు విప్పుతున్నాను. పాత నూలు దారం తెగేటప్పుడు జొన్నపేలం పంటికింద నలిగినంత చిన్న చప్పుడవుతుంది. మడత విడిపోయి, ఏళ్ల తరబడి లోపల దాగిన గంజి వాసన, సుద్దముక్క వాసన బయటికి వచ్చాయి. బల్ల మీద నెల రోజులుగా పూర్తి చేయకుండా ఉంచిన దరఖాస్తు ఒకటి ఉంది. దానివంక చూడకుండా ఉండడానికే ఆ పూట రవిక చేతికి తీసుకున్నానని ఒప్పుకోవాలి. ఆ వాసన నన్ను ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కు, పంజాగుట్ట రాళ్ల కింద ఉన్న ఒక గదిలోకి, హుస్నా ఖాలా ముందుకు తీసుకుపోయింది.

1939 మొదట్లో నాకు పదిహేనేళ్లు. నేతపని సాగక ఊరు విడిచి వచ్చిన మా నాన్న అమీర్‌పేటలో దర్జీ దుకాణం పెట్టుకున్నాడు. కొత్త బట్టలు ఆయన కుట్టేవాడు. పాతవాటిని విప్పి మరొకరి ఒంటికి సరిపడేలా మార్చే పనిని పంజాగుట్టలో ఒంటరిగా ఉండే హుస్నా ఖాలాకు పంపేవాడు. ఖాలా అంటే పిన్ని. ఆ వరస మాకు రక్తం వల్ల కాదు, పని వల్ల కలిసింది. గురువారం, ఆదివారం బట్టల మూట నేనే తీసుకువెళ్లేదాన్ని. తోటల గోడలు దాటి, గుండ్ల మధ్య కాలిబాట పట్టి పోతే మా దుకాణం నుంచి ఆమె గడపకు రెండు వేల మూడు వందల అంగలు. లెక్కపెట్టడం నాకు అప్పటికే అలవాటు. లెక్క చేయడం మాత్రం రాలేదు.

అర్ధ సంవత్సర పరీక్షలో బీజగణితానికి ఇరవై ఐదు మార్కులకు నాలుగు వచ్చాయి. నాన్న కోప్పడలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "బిడ్డా, ఇంకొక్క పరీక్ష జూస్త. గప్పుడు సుత గిట్లనే అయితే బడి బంద్. కూసోని కాజాలు కుట్టు, చేతికి పనన్న వస్తది" అన్నాడు. గుండీల కాజాలు కుట్టే సన్నసూది ఒకటి అప్పుడే తీసి మిషను మీద పెట్టాడు. వార్షిక పరీక్షకు పదకొండు వారాలున్నాయి.

ఆ గురువారం మూటలో ఒక పాత షేర్వాణీ ఉంది. అన్న తొడిగినదాన్ని తమ్ముడికి సరిపడేలా చేయాలి. ఖాలా పొయ్యి దగ్గర ఉండగా, సాయం చేద్దామని నేనే బ్లేడు తీసుకుని పక్క కుట్టు విప్పబోయాను. లాగగానే లోపల వేసిన పట్టు అస్తరు జానెడు చిరిగింది. ఆమె వచ్చి చూసి తల పట్టుకుంది.

"అరె దీవానీ, ఏం జేసినవ్? దర్జీ ముందు పక్కలు కుట్టిండు, తర్వాత అస్తరు ఏసిండు. నువ్వేమో అస్తరు ఉండంగనే పక్కలు పీకుతున్నవ్. చివర ఏసిన కుట్టు ముందు విప్పాలె. కుట్టినోడు నడిచిన తొవ్వలనే ఎనుకకు రావాలె."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. "నాకు ఏ పనీ రాదు ఖాలా. లెక్కలు సుత రావు."

"లెక్కలు సుతనా? ఏం లెక్క? చదువు, జర ఇంట."

చదివాను. ఒక సంఖ్యను మూడు రెట్లు చేసి, ఐదు కలిపితే ఇరవై ఆరు. ఆ సంఖ్య ఎంత? నేను ఇరవై ఆరును మూడుతో భాగించి, వచ్చినదాంట్లోంచి ఐదు తీసివేసి, మూడూ మూడింట రెండు వంతులు అని రాశాను. ఉపాధ్యాయురాలు ఎర్రసిరాతో కొట్టివేసింది. ఎందుకు తప్పో నాకు తెలియదు.

ఖాలాకు అక్షరాలు రావు. నా నోటుపుస్తకం వంక ఆమె చూడనైనా లేదు. "ఆ సంఖ్యకు ముందేం జేసిండ్రు?" అని అడిగింది.

"మూడు రెట్లు."

"తర్వాత?"

"ఐదు కలిపిండ్రు."

"మరి చివరి కుట్టు ఏది?"

నేను చిరిగిన అస్తరు వైపు చూశాను. ముందు ఐదు తీస్తే ఇరవై ఒకటి. దాన్ని మూడుతో భాగిస్తే ఏడు. "ఏడు ఖాలా" అన్నాను.

"నాకేం ఎరుక? తొడిగి చూడు."

తొడిగాను. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, ఐదు కలిపితే ఇరవై ఆరు. సరిగ్గా అతికింది. నా పాత జవాబును తొడిగితే పదహారు దగ్గరే ఆగిపోయింది. "గది నీ చెల్లె అంగీ, నీకెట్ల పడ్తది!" అని ఆమె నవ్వింది. చిరిగిన అస్తరును ఆ సాయంత్రమే కనబడకుండా రఫూ చేసింది. నాన్నకు ఆ సంగతి ఎన్నడూ తెలియలేదు.

జనవరి చివర కొత్త చిక్కు వచ్చింది. తెలియని సంఖ్య సమీకరణానికి రెండు వైపులా ఉంది. చివరి కుట్టు ఎక్కడుందో తోచలేదు. సంఖ్య ఇటునుంచి అటు పోతే దాని గుర్తు మారుతుందని బడిలో బట్టీ పట్టించారు. "ఎవరు పోయిండ్రు? ఎందుకు మారిండ్రు?" అని ఖాలా అడిగింది. "నాకు తెల్వదు, బడిల గట్లనే చెప్పిండ్రు" అన్నాను. "నాకూ తెల్వదు" అని ఆమె తేల్చి చెప్పింది. తెలియనిదాన్ని అంత సిగ్గులేకుండా తెలియదన్న పెద్దమనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆ తర్వాత మూడోసారి వెళ్లేసరికి, నేను చెప్పులు విడవకముందే ఒక అంగీ చేతులు రెండూ చాచి పట్టుకుంది. "రెండు దిక్కులా సమానమని నువ్వే అన్నవ్ గద? ఒక చెయ్యి రెండంగుళాలు కత్తిరిస్తే రెండోది?"

"అదీ రెండంగుళాలే."

"గంతే మరి. ఎవరూ ఎటూ పోలే."

అప్పట్లో నేను రాసుకున్న డైరీ ప్రకారం పరీక్షలోగా ఇరవై రెండుసార్లు వెళ్లాను. పరీక్షలో చివరి ప్రశ్న ఇది: ఒక సంఖ్యకు ఐదు రెట్ల నుంచి ఏడు తీసివేస్తే, దాని రెండు రెట్లకు పదకొండు కలిపినదానితో సమానం. అంగీ గుర్తుచేసుకుని రెండు చేతుల నుంచీ రెండేసి రెట్లు కత్తిరించాను. మూడు రెట్ల నుంచి ఏడు తీస్తే పదకొండు, ఏడు తిరిగి కలిపితే పద్దెనిమిది, అంటే ఆరు. తొడిగి చూశాను. అటూ ఇరవై మూడే, ఇటూ ఇరవై మూడే. ఇరవై ఐదుకు పంతొమ్మిది వచ్చాయి. నాన్న ఆ కాగితం రెండుసార్లు చూసి, సన్నసూదిని మళ్లీ డబ్బీలో పెట్టేశాడు.

ఆ కబురు చెప్పబోతే ఖాలా ఒక జరీపని మూట నా చేతికిచ్చి వాపసు తీసుకుపొమ్మంది. "కండ్లు ఆనుతలేవు బేటీ. యాభై వచ్చినయి. సన్నపని ఇగ నాతోని గాదు."

"యాభై అని ఎట్ల తెలుసు?"

"ఎవరికెరుక? పుట్టిన తారీకు రాసిన కితాబు మూసీ వరదల కొట్టుకపోయింది. అందాజుగ చెప్త."

ఆమెకు గుర్తున్నవి రెండే. చెల్లెలు ఫాతిమా తనకంటే ఎనిమిదేళ్లు చిన్నది. వరద వచ్చిన సంవత్సరం వాళ్లమ్మ, "చెల్లెకు మూడంతల వయసొచ్చింది, బుద్ధి మాత్రం రాలే" అని తిట్టింది. నాకు ఆ రెండూ చాలు. ఆమె వయసులోంచి ఎనిమిది తీసి మూడు రెట్లు చేస్తే మళ్లీ ఆమె వయసే రావాలి. పన్నెండు వచ్చింది. తొడిగి చూశాను: అక్కకు పన్నెండు, చెల్లెలికి నాలుగు. వరద 1908లో, ముప్పై ఒకటి కలిపాను.

"నలభై మూడు, ఖాలా."

మూడుసార్లు నాచేత మళ్లీ చేయించింది. "మరి ఏడేండ్లు ఏడబోయినయ్?"

"ఎటూ పోలే. మిగిలినయ్."

ఆమె నా చేతిలోని జరీపని మూటను లాక్కుంది. మరుసటి వారానికి ఆమె ముక్కు మీద కొత్త అద్దాలున్నాయి.

1946లో ఆమె బీదరులో ఉన్న ఫాతిమా దగ్గరకు వెళ్లిపోయింది. బండి ఎక్కబోతూ నా చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. "ఇప్పుడు నిజంగనే యాభై వచ్చినయి బేటీ. నువ్విచ్చిన ఏడేండ్లూ కుట్టేసిన. ఒక్కటి సుత పారేయలే."

బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఇప్పటికి పంతొమ్మిదేళ్లయింది. జవాబు రాసి లేవబోయే ప్రతి పిల్లనూ ఆపి, తొడిగి చూశావా అని అడుగుతాను. నవ్వుతారు, మళ్లీ కూర్చుని చూస్తారు. ఇక బల్ల మీది దరఖాస్తు డిగ్రీ పట్టా పరీక్షకు సంబంధించినది. నా దగ్గర చదివిన పిల్లల వయసువాళ్ల పక్కన కూర్చుని ఈ వయసులో పరీక్ష రాయడమేమిటని దాన్ని పక్కన పెట్టాను. ఆదివారం మధ్యాహ్నానికి రవిక కుట్టడం పూర్తయింది. తొడుక్కుని చూశాను, సరిపోయింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుని, పుట్టిన సంవత్సరాన్ని ఈ సంవత్సరంలోంచి తీసివేసి, మరోసారి సరిచూసుకుని, వయస్సు అన్న గడిలో నలభై మూడు అని రాశాను.